తిరిగి పంపడానికే తెచ్చుకునే బిడ్డ: ఫాస్టర్ కేర్ లోపలి సంగతులు

2021 మే నెల గుర్తుందా? కరోనా రెండో వేవ్. ఆక్సిజన్ బెడ్ల కోసం, ఇంజెక్షన్ల కోసం వచ్చే మెసేజ్‌ల మధ్య ఇంకో రకం మెసేజ్‌లు కూడా వాట్సాప్‌లో తెగ తిరిగాయి. "అమ్మానాన్న ఇద్దరూ పోయారు. పాపకు మూడేళ్లు, బాబుకు ఆర్నెల్లు. మంచి కుటుంబం ఎవరైనా పెంచుకుంటామంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి." చదివితే ఎవరికైనా కడుపు తరుక్కుపోతుంది. వెంటనే నాలుగు గ్రూపుల్లోకి ఫార్వర్డ్ చేసేస్తాం. అలా చేయొద్దని, ఆ నంబర్లను నమ్మొద్దని కేంద్రంలోని మహిళా శిశు అభివృద్ధి శాఖ, జాతీయ బాలల హక్కుల కమిషన్ అప్పట్లో జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. అనాథ బిడ్డను ఫోన్ నంబరు మీద ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లో పెట్టడం నేరం. బాలల న్యాయ చట్టం, 2015లోని సెక్షన్ 80 ప్రకారం పద్ధతి తప్పి దత్తతకు ఇచ్చినా, తీసుకున్నా మూడేళ్ల దాకా జైలు, లేదంటే లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. డబ్బుకు బిడ్డను అమ్మినా, కొన్నా సెక్షన్ 81 కింద ఐదేళ్ల దాకా కఠిన శిక్ష, పైన లక్ష జరిమానా.

ఆ మెసేజ్‌లు చూసి "మనమే తెచ్చుకుందామా" అని ఇంట్లో మాట్లాడుకున్నవాళ్లు తిరుపతిలోనూ ఉన్నారు, చిత్తూరులోనూ ఉన్నారు. వాళ్ల జాలి అబద్ధం కాదు. కానీ మనవాళ్లకు తెలిసిన దారులు రెండే. ఒకటి దత్తత. రెండోది, పిల్లవాడి పుట్టినరోజుకో పెద్దల తద్దినానికో అనాథాశ్రమంలో ఒకపూట భోజనాలు పెట్టించి ఫొటో దిగి రావడం. (ఆ ఫొటో గురించి తర్వాత చెప్తాను, అందులో ఒక చట్టపరమైన చిక్కుంది.) ఈ రెండింటికీ మధ్య చట్టం ఇంకో దారి పెట్టింది. అదే ఫాస్టర్ కేర్. సొంతవాళ్లు కొంతకాలం చూసుకోలేని బిడ్డను, ప్రభుత్వం ఎంపిక చేసిన ఒక కుటుంబం తన ఇంట్లో పెట్టుకుని చూసుకోవడం.

"కొంతకాలం" అన్న మాట దగ్గరే చాలామంది తడబడతారు. దత్తతలో బిడ్డ మీ బిడ్డ అయిపోతుంది. ఇంటిపేరు, ఆస్తి హక్కు అన్నీ మారిపోతాయి, వెనక్కి వెళ్లడమన్నది ఉండదు. ఫాస్టర్ కేర్‌లో బిడ్డ మీ ఇంట్లో తింటుంది, మీ మంచం పక్కన పడుకుంటుంది, మీరు కట్టిన టిఫిన్ బాక్సుతో బడికి పోతుంది. కానీ చట్టం దృష్టిలో ఆమె ఇంకొకరి బిడ్డే. మీరు పేరు మార్చలేరు. మీ ఆస్తిలో ఆమెకు దానంతటదే వాటా రాదు. వాళ్లమ్మ కోలుకుందని, ఇప్పుడు చూసుకోగలదని కమిటీ తేల్చిన రోజున బిడ్డను సంతోషంగా సాగనంపాలి. ఈ ఏర్పాటులో ఉన్న ప్రతి రూలూ, ప్రతి చిరాకూ ఇక్కడి నుంచే పుడతాయి. ఇది మనసుకెక్కితే మిగతా కాగితాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఎక్కకపోతే ఎన్ని జీవోలు చదివినా గందరగోళమే.

ముందుగా మనకు బాగా తెలిసిన ఒక సంగతిని పక్కకు తీసి పెట్టుకోవాలి. తల్లిదండ్రులు పోతే మేనమామో అవ్వో పెదనాన్నో పిల్లల్ని తెచ్చుకోవడం మన ఇళ్లలో మామూలే. దానికి ఎవరి అనుమతీ అడగం. అలా చూసుకుంటున్న ఇల్లు పేదదైతే ప్రభుత్వం చేసే సాయం వేరే ఉంది, దాన్ని స్పాన్సర్‌షిప్ అంటారు. మిషన్ వాత్సల్య పథకం కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 దాటకూడదు. బిడ్డ తనవాళ్ల దగ్గరే ఉండేలా చూడటం దీని ఉద్దేశం. నన్నడిగితే, పక్కింట్లో అవ్వ దగ్గర పెరుగుతున్న పిల్లలు మీకు తెలిసుంటే, మీరు ఫాస్టర్ పేరెంట్ అవ్వడానికి ముందు చేయాల్సిన పని ఆ అవ్వ చేత స్పాన్సర్‌షిప్‌కి అప్లై చేయించడం. దానికి పెద్ద మనసు కూడా అక్కర్లేదు, రెండు పూటల తీరిక చాలు.

అయితే ఫాస్టర్ కేర్‌కి వచ్చేది ఎవరు? ఇక్కడ తిరుపతి సంగతి కొంచెం ప్రత్యేకం. రోజూ వేలల్లో జనం వచ్చిపోయే ఊరు. ఇంట్లో తిట్టారని, పరీక్ష పోయిందని, నాన్న తాగొచ్చి కొట్టాడని పారిపోయిన పిల్లలు రైలెక్కి దిగే ఊళ్లలో ఇదొకటి. కొండ మీద అన్నప్రసాదం దొరుకుతుంది, గుంపులో ఎవరూ పట్టించుకోరు. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక దగ్గర. స్టేషన్లో ఒంటరిగా తిరిగే పిల్లల్ని గమనించి కాపాడటానికి రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లది ‘నన్హే ఫరిష్తే’ అని ఒక ఆపరేషనే ఉంది. ఇలా దొరికిన బిడ్డను 24 గంటల్లోగా జిల్లా చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు పెట్టాలి. అందరూ సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. వాళ్లలో ఒక్కరైనా మహిళ ఉండాలి. ఇది కోర్టు కాదు గానీ, బిడ్డ ఎక్కడ ఉండాలన్న విషయంలో దాని మాటకు మేజిస్ట్రేట్ మాటంత బలం ఉంది.

బస్టాండులో దొరికిన పిల్లలంతా ఫాస్టర్ కేర్‌కి వస్తారనుకుంటే పొరపాటు. చాలామందికి ఇల్లుంది, కంగారుపడి వెతుకుతున్న అమ్మానాన్నలున్నారు. ఇల్లు వేరే జిల్లాలోనో వేరే రాష్ట్రంలోనో ఉంటే అక్కడి కమిటీకే బిడ్డను అప్పగిస్తారు. బాగా చిన్నపిల్లలు, అనాథలైనా వదిలేసినవాళ్లైనా, దత్తత దారిలోకి వెళ్తారు. రెండేళ్లలోపు బిడ్డ అయితే రెండు నెలల్లో, అంతకు మించితే నాలుగు నెలల్లో "దత్తతకు అర్హత ఉంది" అని తేల్చాలని చట్టం గడువు పెట్టింది. దత్తతకు అర్హత ఉన్న బిడ్డను దీర్ఘకాలపు ఫాస్టర్ కేర్‌కి ఇవ్వకూడదని సెక్షన్ 44లోనే రాసి ఉంది. ఎత్తుకుని ముద్దు చేయడానికి పసిబిడ్డ కావాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు.

మిగిలేది ఎవరంటే, హోమ్‌లలో ఉన్న ఆరేళ్లు దాటిన పిల్లలు. చూడటానికి ఎవరూ రానివాళ్లు. అమ్మానాన్న బతికే ఉన్నా వాళ్ల జబ్బువల్లో, జైలువల్లో, తాగుడువల్లో చూసుకోలేరని కమిటీ తేల్చినవాళ్లు. దత్తతకు పెట్టి ఎదురుచూసినా, పెద్దవాళ్లయ్యారని, వైకల్యం ఉందని ఎవరూ తీసుకోక ఆ దారి మూసుకుపోయినవాళ్లు. పన్నెండేళ్ల మగపిల్లవాడు, వాడి వెనక ఎనిమిదేళ్ల చెల్లెలు. అన్నాచెల్లెళ్లను విడదీయకుండా ఉంచడానికి ప్రయత్నించాలని కూడా చట్టం చెప్తోంది, కాబట్టి ఒక్కరి కోసం వెళ్లిన మీకు ఇద్దరి గురించి చెప్పొచ్చు.

మన దగ్గర ఇలాంటి పిల్లల్ని హాస్టల్లోనో హోమ్‌లోనో వేయడం అలవాటైపోయింది. చదువు, తిండి, చుట్టూ గోడ ఉంటే చాలనుకుంటాం. చట్టం అందుకు ఎదురు మాట చెప్తోంది. ఏ దారీ లేనప్పుడే బిడ్డను సంస్థలో పెట్టాలన్నది దాని మూల సూత్రాల్లో ఒకటి. కానీ హోమ్‌కి పంపే ఆర్డరు ఒక్క పూటలో తయారవుతుంది. కుటుంబాన్ని వెతికి, చూసి, ఒప్పించి, నెలనెలా వెళ్లి రావాలంటే మనుషులు కావాలి. సిబ్బంది తక్కువున్న చోట ఏ దారి గెలుస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎవరు అర్హులు అన్నది ఇప్పుడు ఇదివరకటికన్నా నయం. 2016లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో పెళ్లైన జంటలకే అవకాశం ఉండేది. 2024లో వాటిని మార్చారు. పెళ్లి కానివాళ్లు, భర్తో భార్యో పోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, చట్టప్రకారం విడిగా ఉంటున్నవాళ్లు కూడా తీసుకోవచ్చు. ఒంటరి మగవాళ్లకు మాత్రం మగపిల్లవాడినే ఇస్తారు. ఒంటరి వ్యక్తికి కనీసం 35 ఏళ్లుండాలి, జంట అయితే ఇద్దరి వయసూ కలిపి కనీసం 70. పై వయసుకూ హద్దుంది, అది బిడ్డ వయసును బట్టి మారుతుంది. జంట కనీసం రెండేళ్లు స్థిరంగా కాపురం చేసి ఉండాలి. ఆరోగ్య పరీక్షలు, ఆదాయం, ఇంట్లో చోటు, క్రిమినల్ కేసు లేకపోవడం మామూలే. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వొచ్చు. దత్తతల కోసం కేంద్రం నడిపే ఆన్‌లైన్ పోర్టల్లో కూడా ఇప్పుడు ఫాస్టర్ కుటుంబాలు పేరు నమోదు చేసుకోవచ్చు.

అసలు పరీక్ష కాగితాల్లో లేదు, హోమ్ స్టడీలో ఉంది. సంరక్షణ విభాగం నుంచి ఒక అధికారి మీ ఇంటికి వస్తారు. కాఫీ ఇచ్చి, హాలు చూపించి, ఆధార్ జిరాక్సులు చేతిలో పెడితే పని అయిపోతుందనుకుంటారు చాలామంది. పని తెలిసిన అధికారి ముందు అడిగేది "పాప ఎక్కడ పడుకుంటుంది?" అని. "మాతోనే పడుకుంటుంది మేడమ్" అంటే చాలదు. ఏ గదిలో, ఏ మంచం మీద, తలుపు గడియ ఎవరి వైపు ఉంటుంది, ఇంట్లో ఉండే మరిదో బావమరిదో ఏ గదిలో పడుకుంటాడు. ఇవన్నీ చూస్తారు. తర్వాత మీ పిల్లల్ని పక్కకు పిలిచి మాట్లాడతారు. "ఇంకో అక్క వస్తుంది, నీ సైకిలు తీసుకుంటుంది, ఏమంటావ్?" అని మీ ఆరేళ్లవాడిని అడిగితే వాడు చెప్పే జవాబు మీ జీతం స్లిప్పుకన్నా ఎక్కువ విషయం చెప్తుంది. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమె దగ్గర ఇంకాసేపు కూర్చుంటారు. ఎందుకంటే పగలంతా బిడ్డతో ఉండేది ఆమే.

ఆ పెద్దావిడ నోటి నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది. "ఏ కులం బిడ్డమ్మా?" దీన్ని దాచిపెట్టి లాభం లేదు. బిడ్డ భాష, తిండి, అలవాట్లకు దగ్గరగా ఉన్న కుటుంబాన్ని చూడటం మంచిదే. రాగిసంగటి, ఊరిబిండి తిని పెరిగిన పిల్లకు తెలియని రుచుల ఇంట్లో మొదటి వారం ఇంకా కష్టమవుతుంది. కానీ కులం చూసి బిడ్డను ఎంచుకునే ఇల్లు, వాళ్లమ్మ చూడటానికి వచ్చినప్పుడు ఆమెకు ఏ గ్లాసులో నీళ్లిస్తుంది? ఆ ప్రశ్న ఇంట్లో తేలకుండా దరఖాస్తు పెట్టకపోవడమే మంచిది. ఇది నా మాట, మార్గదర్శకాల్లోది కాదు.

ఇంటి రిపోర్టు ఒకవైపు, బిడ్డ గురించి రిపోర్టు ఇంకోవైపు తయారవుతాయి. స్పాన్సర్‌షిప్, ఫాస్టర్ కేర్‌ల కోసం జిల్లాలో వేరే అప్రూవల్ కమిటీ ఉంటుంది. బిడ్డ ఇష్టమేమిటో కూడా వింటారు. చివరి ఆర్డరు సీడబ్ల్యూసీది. మీరు హామీపత్రం మీద సంతకం పెడతారు. చదువు, ఆరోగ్యం, పోషణ మీ బాధ్యత అని, పిలిచినప్పుడు బిడ్డను తెస్తామని. ఏర్పాటు ఏడాదిలోపైతే స్వల్పకాలం, ఏడాది దాటితే దీర్ఘకాలం.

డబ్బు సంగతి తొందరగా చెప్పేస్తాను. నెలకు 4,000. మిషన్ వాత్సల్య రాకముందు పాత పథకంలో 2,000 ఉండేది. పుస్తకాలు, బట్టలు, ఆటో, జ్వరమొస్తే డాక్టరు, అన్నీ కలిపితే అది ఎంతవరకు వస్తుందో తిరుపతిలో కాపురం చేసేవాళ్లకు తెలుసు. ప్రభుత్వ డబ్బు నెలనెలా ఒకటో తేదీకి పడుతుందని లెక్కేసుకునేవాళ్లు కూడా ఎవరూ ఉండరు. అది లేకపోయినా ఇల్లు నడవగలిగితేనే ముందుకు వెళ్లండి.

బిడ్డ వచ్చాక ఎదురయ్యే చిన్న విషయాలు పెద్ద విషయాలకన్నా ఇబ్బంది పెడతాయి. స్కూల్లో చేర్చేటప్పుడు తల్లిదండ్రుల పేర్ల దగ్గర ఏం రాయాలి? వాళ్ల సొంత అమ్మానాన్నల పేర్లే. మీరు సంరక్షకులుగా సంతకం పెడతారు, సీడబ్ల్యూసీ ఆర్డరు కాపీ జతచేస్తారు. క్లాస్ టీచరుకు ఎంత చెప్పాలి? అవసరమైనంతే. పక్కింటివాళ్లకు? "మా ఇంట్లో ఉంటుంది" అంటే చాలు. ఆ పాప కథంతా గేటు దగ్గర నిలబడి చెప్పే హక్కు మనకు లేదు.

ఇక ఫొటోల సంగతి. ఇలా సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, ఫొటో, బడి, ఊరు, వాళ్లెవరో తెలిసే ఏ వివరమూ బయటపెట్టకూడదని సెక్షన్ 74. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. పత్రికలు, టీవీలే కాదు, "ఇతర ఏ రకమైన కమ్యూనికేషన్" అని కూడా అందులో ఉంది. ‘మా ఇంటికి వచ్చిన మహాలక్ష్మి’ అని వాట్సాప్ స్టేటస్ పెట్టేవాళ్లు, హోమ్ పిల్లల మధ్య కేకు కోస్తూ దిగిన ఫొటోను ఫేస్‌బుక్‌లో వేసేవాళ్లు ఇది ఒకసారి గుర్తుపెట్టుకోవాలి. ఎంత ప్రేమతో పెట్టినా సరే.

బిడ్డ మిమ్మల్ని ఏమని పిలవాలి? మన భాషలో ఈ చిక్కుకు దారి ఇప్పటికే ఉంది. అత్త, పిన్ని, పెద్దమ్మ, మామ, బాబాయ్, ఇంట్లోకి వచ్చిన ఏ మనిషికైనా ఇవ్వడానికి వరస ఉంది మనకు. "నన్ను అమ్మా అని పిలువు" అని పట్టుబట్టకండి. పిల్లకు అమ్మ ఉంది. రెండు నెలలు ఏ పిలుపూ లేకుండా గోడకు చెప్తున్నట్టు మాట్లాడినా సరే, తానే ఒక వరస ఎంచుకుంటుంది. కొందరు పిల్లలు "అత్తా" దగ్గర ఆగుతారు. అది మంచి చోటు. దగ్గరితనం ఉంది, అమ్మ స్థానం అమ్మకే ఉంది.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన విషయం. చట్టం ఒక వాక్యంలో చెప్పేస్తుంది: తల్లిదండ్రులు చూసుకోలేరన్న కారణంతో బిడ్డను ఫాస్టర్ కేర్‌లో పెడితే, వాళ్లు క్రమం తప్పకుండా వచ్చి చూడొచ్చు. బిడ్డకు మంచిది కాదని కమిటీ అనుకుంటే తప్ప ఆపకూడదు. ఈ వాక్యం ఒక ఇంట్లో ఎలా ఉంటుందో ఒక ఊహా ఉదాహరణ చెప్తాను. శ్రీకాళహస్తి పక్కన పల్లె. భర్త పోయాక తల్లికి మానసిక అనారోగ్యం వచ్చింది. తిండి మానేసింది, రాత్రుళ్లు ఎటో వెళ్లిపోతుంది. అవ్వకు చూపు ఆనదు. తొమ్మిదేళ్ల పిల్ల బడి మానేసి వంట చేస్తోంది. టీచరు గమనించి చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. తల్లికి చికిత్స మొదలైంది. అవ్వ ఒక్కతే చూసుకోలేదని తేలింది. పిల్లను తిరుపతిలో ఒక ఇంట్లో ఏడాదికి ఉంచారు. నెలకోసారి తల్లి వచ్చి చూడొచ్చు.

మొదటి ఆదివారం ఆ తల్లి వస్తుంది. మందులవల్ల మాట నెమ్మది, చేయి కొంచెం వణుకుతుంటుంది. చేతిలో కవరు, కవర్లో బొరుగులు, ఒక గాజుల జత, పిల్లకు ఇప్పుడు సరిపోని పాత గౌను. పిల్ల గోడకానుకుని నిలబడుతుంది, దగ్గరికి పోదు. ఇంటావిడకు మనసులో కొంచెం గర్వంగా ఉంటుంది, ఒప్పుకోదు గానీ ఉంటుంది. కాసేపటికి తల్లి పిల్లను కూర్చోబెట్టి, ఈవిడ పొద్దున్నే కష్టపడి వేసిన రెండు జడలూ విప్పేసి, తన పద్ధతిలో బిగుతుగా ఒక్క జడ వేస్తుంది. సాయంత్రం వెళ్లిపోతుంది. ఆ రాత్రి పిల్ల అన్నం తినదు, పక్క తడుపుతుంది. మర్నాడు బడిలో ఎవరినో కొరుకుతుంది.

ఇక్కడే చాలా కుటుంబాలు జారిపోతాయి. "ఆమె రాకుండా ఉంటేనే పిల్ల నిమ్మళంగా ఉంటుంది" అనుకుంటారు. తర్వాతి ఆదివారానికి ఊరెళ్తున్నామని చెప్తారు. ఆ తర్వాతిది పరీక్షలని. కావాలని చేసిన మోసం కాదది, ప్రేమ ముదిరి చేసిన పని. కానీ పిల్ల ఏడ్చేది అమ్మ వచ్చినందుకు కాదు, మళ్లీ వెళ్లిపోయినందుకు. ఆ ఏడుపుకు భయపడి అమ్మను దూరం పెడితే ఏడాది చివర ఆర్డరు ముగిసేసరికి, పిల్లకు అమ్మ కొత్తమనిషై కూర్చుంటుంది. మందులేసుకుని కోలుకున్న ఆ తల్లికి బిడ్డే ఉండదు. ఏ నేరమూ చేయని మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది?

చేయాల్సింది ఏమిటంటే, ఆ ఒక్క జడను మర్నాడు విప్పకుండా అలాగే బడికి పంపడం. గాజులు వేసుకోమనడం. గంగమ్మ జాతరకు వేషం కట్టాలని పిల్ల మొండికేస్తే, అధికారికి చెప్పి ఆ రోజుకు అమ్మను కూడా పిలిపించడం. మీ ఇంటి గోడ మీద కాకపోయినా పిల్ల పుస్తకంలోనైనా అమ్మ ఫొటో ఉండనివ్వడం. ఇవేవీ హామీపత్రంలో ఉండవు. నెలకోసారి తనిఖీకి వచ్చే కమిటీ వాళ్లు బిడ్డ బరువు, మార్కులు రాసుకుంటారు. ఆ తల్లి వచ్చినప్పుడు కుర్చీ వేశారా, నేల మీద కూర్చోబెట్టారా అన్నది ఏ ఫారంలోనూ ఉండదు. పనిచేసే ఇల్లేదో పనిచేయనిదేదో అక్కడే తెలుస్తుంది.

అమ్మానాన్న ఎప్పటికీ కోలుకోకపోతే? లేదా అసలు లేకపోతే? ఆశ ఇక్కడ మొదలవుతుంది, గందరగోళం కూడా. బిడ్డ దత్తతకు అర్హత పొందితే, ఫాస్టర్ కుటుంబం ఆ బిడ్డను దత్తత కోరవచ్చు. ఇంతకుముందు కనీసం ఐదేళ్లు పెంచి ఉండాలనేవారు, 2024 మార్గదర్శకాలు దాన్ని రెండేళ్లకు తగ్గించాయి. ఇది మంచి మార్పే. కానీ దీన్ని దత్తత క్యూ తప్పించుకునే దొంగదారిగా చూసేవాళ్లూ మొదలయ్యారు. "రెండేళ్లు పెంచితే మనదే కదన్నా" అని ఎవరైనా చెప్తే నమ్మకండి. సొంత తల్లి బతికుండి, తిరిగి తీసుకుంటానంటూ, కోలుకుంటూ ఉంటే రెండేళ్లు కాదు, ఆరేళ్లు పెంచినా ఆ బిడ్డ దత్తతకు రాదు. రహస్యంగా దత్తత ఆశ పెట్టుకున్న ఇల్లు తల్లి కోలుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకోలేదు. హోమ్ స్టడీలో అధికారులు అన్నిటికన్నా జాగ్రత్తగా తవ్వాల్సింది ఇదే అని నాకనిపిస్తుంది. బిడ్డే కావాలంటే నేరుగా దత్తతకే నమోదు చేసుకోండి. ఆలస్యమైనా అది తిన్ననైన దారి.

సీడబ్ల్యూసీ నిర్ణయం అన్యాయమనిపిస్తే అప్పీలుంది. చాలామంది వకీళ్లు కూడా పొరబడే చోటిది. కమిటీ మిగతా ఆర్డర్ల మీద బాలల కోర్టుకు వెళ్లాలి. ఫాస్టర్ కేర్, స్పాన్సర్‌షిప్ ఆర్డర్ల మీద మాత్రం జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు వెళ్లాలి. గడువు 30 రోజులు.

పెద్దవాళ్లను కూడా ఇలా ఇంట్లో పెట్టుకుని చూసుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. బెల్జియంలో గీల్ అనే పట్టణంలో మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లను మామూలు కుటుంబాలు శతాబ్దాలుగా ఇళ్లలో ఉంచుకుంటున్నాయి. మన చట్టాల్లో పెద్దవాళ్లకు అలాంటి ఫాస్టర్ ఏర్పాటు లేదు. 18 నిండితే ఫాస్టర్ ఆర్డరు అక్కడితో సరి. హోమ్‌ల నుంచి బయటికొచ్చిన యువతకు 21 ఏళ్ల దాకా ఆఫ్టర్ కేర్ సాయం ఉంది. ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్న పెద్దవాళ్లకు నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద సంరక్షకుడిని నియమించవచ్చు, అది చూసేది కలెక్టరు ఉండే స్థానిక కమిటీ. తల్లిదండ్రులు చూసుకోలేని వికలాంగ బిడ్డను ముందు దగ్గరి బంధువుల దగ్గర, కుదరకపోతే ఊళ్లోనే ఒక కుటుంబ వాతావరణంలో ఉంచాలని, హోమ్ చివరి మార్గమని 2016 వికలాంగుల హక్కుల చట్టం కోర్టులకు చెప్తోంది. ముసలివాళ్ల విషయం అయితే తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం, 2007 సొంత పిల్లలు, మనవళ్లు, పిల్లలు లేకపోతే ఆస్తికి వారసులయ్యే బంధువుల మీదికే వెళ్తుంది. ముక్కూముఖం తెలియని పెద్దాయనను ఇంట్లో పెట్టుకుని ప్రభుత్వం నుంచి నెలనెలా డబ్బు తీసుకునే దారి లేదు. అలా ఎవరైనా ఫారాలు అమ్ముతుంటే అది మోసమే.

తిరుపతి 2022 ఏప్రిల్‌లో వేరే జిల్లా అయింది కాబట్టి మీరు ఏ జిల్లాలో కాపురముంటున్నారో ఆ జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయానికే వెళ్లాలి. చంద్రగిరివాళ్లు తిరుపతికి, పలమనేరువాళ్లు చిత్తూరుకి. అక్కడ జిల్లా బాలల సంరక్షణ విభాగంలో హోమ్‌లకు బయటి సంరక్షణ చూసే ప్రొటెక్షన్ ఆఫీసరు ఎవరని అడగండి. ఆ రోజుకు ఆధార్లు, ఆదాయ ధ్రువపత్రం లేకపోయినా పర్వాలేదు, అవి తర్వాత తేవచ్చు. వెళ్లేముందు మాత్రం మీ అత్తగారితోను, మీ పిల్లలతోను విడివిడిగా కూర్చుని, వచ్చిన బిడ్డను ఒకరోజు తిరిగి పంపించేయాలన్న సంగతి చెప్పి, వాళ్లు ఏమంటారో వినండి. ఆఫీసరు ఇంటికొచ్చినప్పుడు అడిగేది వాళ్లనే.